ఇంటినుండి అచ్చునకు

కొత్తగా కథలు వ్రాయ మొదలిడినవారు కనబడినప్పుడు మనము అడుగు మొదటి ప్రశ్న యొకటి గలదు: "మీకు ఈ వ్రాత యెట్లు పట్టువడినది? ప్రేరణ యెవరు?" అని. వారును అలవాటుగా ఒక మహాకవి పేరో, చిన్ననాట విన్న అమ్మమ్మ కథలనో చెప్పి ఊరకుందురు. అడిగినవారికి తృప్తి, చెప్పినవారికి మర్యాద. కాని యీ ప్రశ్నోత్తరములలో అసలు విషయము సగము కూడ బయటపడదు. మనసులో కథ మెదలినవారు ఊరూర నుందురు. వారిలో దానిని కాగితముపై పెట్టినవారు కొందఱే. పెట్టినదానిని అచ్చులో చూచుకొన్నవారు అంతకంటె తక్కువ. అచ్చయినది తరువాతి తరములవారి చేతికి అందినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ఒక మెట్టునకును మఱియొక మెట్టునకును నడుమ ఇందఱేల జాఱిపోవుచున్నారో విచారింపక ప్రేరణను మాత్రమే కొనియాడుట, పంట సంగతి విడిచి విత్తనమును పొగడుట వంటిది.

ప్రేరణ ఆకాశమునుండి ఊడిపడునది కాదు. అది యింటిలోనే పుట్టును. ఇంటివారి ఆదరమువలన పెరుగును, అనాదరమువలన వాడును. పెరిగినదానికి పత్రిక తలుపు తెఱవవలెను. తెఱచి లోనికి రానిచ్చినదానిని చదువరులు పదిలపఱచవలెను. ఇంత జరిగినగాని ఒక కథ సాహిత్యమున నిలువజాలదు. దీనికి నిదర్శనముగా బండారు అచ్చమాంబగారు నడచిన త్రోవను పరిశీలింప దలచితిని. ఈమె జీవించినది ముప్పదియేండ్లు మాత్రమే. కథలలో పెక్కింటిని ప్రకటించినది అందులో చివరి నాలుగైదేండ్ల కాలముననే. ఐనను కొత్తగా కలము పట్టినవారికి ఏమేమి కావలెనో, ఏవేవి అడ్డువచ్చునో తెలిసికొనుటకు తెలుగున ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకుట అరుదు.

అచ్చమాంబగారు 1874లో పెనుగంచిప్రోలున జన్మించిరి. తండ్రి కొమఱ్ఱాజు వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. చిన్ననాటనే తండ్రి గతించెను. బాల్యముననే బండారు మాధవరావుగారితో వివాహమయ్యెను. ఆయన మధ్యపరగణాలలో ఉద్యోగి. తల్లియు, తనకంటె మూడేండ్లు చిన్నవాడగు తమ్ముడును ఈమెతోకూడ ఆ దూరదేశముననే నివసించిరి. ఆ తమ్ముడే తరువాతి కాలమున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొన్న కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు.

ఇచట ఒక్కక్షణము ఆగవలెను. ఒకే తల్లి కడుపున పుట్టిన యిద్దఱిలో ఒకరికి బడి, ఒకరికి పెండ్లి. అక్క తమ్మునిచేత అక్షరములు దిద్దించుట లోకమున వాడుక; ఈ యింట తమ్ముడే అక్కకు ఉపాధ్యాయుడయ్యెను. అతడు బడినుండి తెచ్చిన చదువు ఇంటిలో రెండవమాఱు వినియోగపడెను. తెలుగు, హిందీ భాషలు ఈమె తమ్మునితో కూర్చుండి నేర్చినవే. ఆ పునాదిపై తనంతట తాను మరాఠీ, బంగాళీ, గుజరాతీ భాషలలో ప్రవేశము సంపాదించి, సంస్కృతమును కొంత అభ్యసించెను. దీనిని ఆమె ప్రతిభ యని మనము మెచ్చుకొందుము, మెచ్చుకొనవలసినదే. కాని ఆ తమ్ముడు వేఱొక స్వభావము కలవాడై, "ఆడుదానికేల యీ పుస్తకములు" అని సంచి మూసియుండినచో ఆ ప్రతిభ యేమైయుండును? ఆ భర్త సంజవేళ దీపపు చమురు లెక్క చూచువాడై యుండినచో ఆ పుస్తకములు ఎప్పుడు చదువబడును? మన దేశమున ఎన్ని యిండ్లలో ఆ సంచి మూయబడినదో, ఆ దీపము ఆర్పబడినదో చెప్పుటకు ఏ చరిత్రకారుడును లేడు.

ఇక ఈమెకు ప్రేరణ కలిగించిన విషయము లెవ్వియని చూతము. మొదటిది ఇతర భాషా పరిచయము. తెలుగు గడపకు దూరముగా నుండుట యొకవిధముగా లోటైనను, మఱియొకవిధముగా మేలే చేసెను. మహారాష్ట్రదేశమున అప్పటికే స్త్రీవిద్యనుగూర్చిన వాదములు ముదిరియుండెను. పండిత రమాబాయిగారి "స్త్రీధర్మనీతి" 1882లోనే మరాఠీలో వెలువడియుండెను. పొరుగుభాష చదువగలిగినవారికి తమ యింటి ఆచారము లోకమునకెల్ల ఆచారము కాదని తెలియును. ఆ తెలివియే రచనకు తొలి మెట్టు. రెండవది దుఃఖము. ఈమె కన్నబిడ్డలను పోగొట్టుకొనెను. అనాథశిశువులను ఇంట చేర్చి పెంచెను. దుఃఖమే రచయితను పుట్టించునని కొందఱు విమర్శకులు పలుకుదురు గాని అది సరికాదు. దుఃఖమెఱుగని స్త్రీ యెవరు? పుత్రశోకము పొందిన తల్లులందఱును గ్రంథకర్త్రులు కాలేదు. దుఃఖమును మాటగా మలచుటకు అక్షరము కావలెను, తీరిక కావలెను, వినువారు కావలెను. ఈ మూడును ఉన్నచోటనే దుఃఖము ప్రేరణ యగును. లేనిచోట అది మూలుగుగానే మిగులును.

మూడవదియు, ముఖ్యమైనదియు కోపము. ఈ మాట కొందఱికి కటువుగా తోచవచ్చును. కాని 1901లో వెలువడిన "అబలా సచ్చరిత్రరత్నమాల" పుట్టుకకు కారణమదియే. స్త్రీలు స్వభావముచేతనే అబలలనియు, బుద్ధిహీనలనియు, చదివించినచో చెడిపోవుదురనియు పెద్దమనుష్యులు సభలలో పలుకుచుండిన కాలమది. అచ్చమాంబగారు వారితో తగవులాడలేదు. భరతఖండమున శౌర్యముచేత, పాండిత్యముచేత, రాజ్యపాలనముచేత ప్రసిద్ధికెక్కిన స్త్రీల చరిత్రములను సేకరించి, వరుసగా పేర్చి, "ఇవిగో" అని చూపిరి. వాదమునకు వాదము చెప్పక సాక్ష్యము చూపుట ఈమె పద్ధతి. వీరేశలింగము పంతులుగారి "చింతామణి" ద్వారా ఈ చరిత్రములు వెలుగు చూచెను. బడిమెట్లెక్కని యువతి వ్రాసిన గ్రంథమును, స్త్రీవిద్యకై జీవితమంతయు పోరాడిన వృద్ధుడు చేతికెత్తుకొనుట తెలుగు సాహిత్యమున చిన్న సంగతి కాదు.

అయితే చరిత్రములు వ్రాసి ప్రతిష్ఠ పొందిన యీమెకు కథలతో పనియేమి? విమర్శకుడు వేయవలసిన ప్రశ్న యిది. నాకు తోచిన సమాధానము చెప్పెదను. చరిత్రలో రాణులుందురు, పండితురాండ్రుందురు, యుద్ధమున గుఱ్ఱమెక్కినవారుందురు; గుమాస్తా భార్య యుండదు. ఇంటి ఖర్చునకు రూపాయి చాలక, పండుగనాడు పిల్లల ముఖము చూడలేక కుములు ఇల్లాలి ధైర్యమునకు శాసనము వేయించిన రాజు లేడు. ఆమెకును సచ్చరిత్రము కలదని చూపవలెనన్నచో కల్పన తప్ప వేఱు దారి లేదు. రత్నమాలలో చోటు దొరకని స్త్రీకి చోటు చూపుటకే అచ్చమాంబగారు కథను పట్టుకొనిరని నా యభిప్రాయము. "దంపతుల ప్రథమ కలహము", "బీద కుటుంబము", "స్త్రీవిద్య" అను పేర్లే చాలును, ఆమె చూపు ఎక్కడ నిలిచినదో చెప్పుటకు. కోటగోడలు విడిచి వంటింటి గడపకు వచ్చినది.

మనసున కథ యున్నది, వ్రాయ చేయి తిరిగినది, ఇక ప్రకటించుటెట్లు? నవలయైనచో ఎవరో దాత ధనముతో పుస్తకముగా వేయవచ్చును. నాలుగైదు పుటల కథను పుస్తకముగా ఎవరు వేయుదురు? ఎవరు కొందురు? పత్రిక లేనిదే చిన్నకథ లేదు. ఈ రెండును కవలపిల్లల వంటివి. కావున కథారచయిత త్రోవనుగూర్చి మాటాడువారు పత్రికల చరిత్రము విడిచి మాటాడరాదు. మన దేశమున ఈ త్రోవ ఒక్కనాట పడినది కాదు. వీరేశలింగముగారు 1878లో "రాజశేఖర చరిత్రము"ను తమ "వివేకవర్ధని"లో భాగములుగా ప్రకటించి, పత్రికలో కల్పనాకథ చదువుట జనులకు అలవాటు చేసిరి. 1883లో స్త్రీలకొఱకు "సతీహితబోధిని" నడపిరి. 1893 మొదలు "చింతామణి" వారు నవలలకు బహుమతులు ప్రకటింపగా, కొత్తవారు పలువురు కలము పట్టిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు నవలాకర్తగా పైకి వచ్చినది ఆ పోటీలవలననే. రాయసము వేంకటశివుడుగారి "తెలుగు జనానా" స్త్రీల వ్రాతలకు చోటిచ్చెను. 1901లో అచ్చమాంబగారి కథ యందు కానవచ్చుచున్నది. పిమ్మట 1902లో సత్తిరాజు సీతారామయ్యగారు ఏలూరున "హిందూసుందరి"ని స్థాపించి, స్త్రీలనే సంపాదకులుగా కూర్చుండబెట్టిరి. అచ్చమాంబగారి కథలలో పెక్కులు ఈ పత్రికలోనివే.

ఇంకొక చిన్న సంగతి గలదు, చిన్నదైనను విలువైనది. ఆనాటి కులస్త్రీ ముద్రణాలయపు మెట్లెక్కి, సంపాదకుని యెదుట నిలిచి, వ్రాతప్రతి యిచ్చుట ఊహకు అందని పని. కాని అర్ధణా బిళ్ల అంటించిన కవరు ఏ గడపనైనను దాటగలదు. స్త్రీ దాటలేని వీథిని ఆమె అక్షరము దాటినది. తపాలా బంట్రోతు సంఘసంస్కర్తయని ఎవరును సన్మానింపలేదు గాని, ఇంటింటి కాగితములను అచ్చుయంత్రము నొద్దకు చేర్చిన పుణ్యములో అతనికిని భాగమున్నది.

ఇప్పుడు కథలోనికి పోవుదము. "ధనత్రయోదశి" 1902 నవంబరు "హిందూసుందరి"లో ప్రకటితమైనది. బొంబాయి పట్టణమున కాపురమున్న వేంకటరత్నము, విజయలక్ష్మి అను బీద దంపతుల కథ యిది. దీపావళి వచ్చుచున్నది. చుట్టుపక్కల ధనికుల ఇండ్ల సంబరము. తమ యింట లేమి. లేమికి తాళలేక భర్త మనసు పరధనముపైకి పోవును. భార్య అతనిని ఆ పాపమునుండి మరల్చును. ఇంతియే కథ. ధనమును పూజించు పండుగనాడు ధనముకంటె శీలము గొప్పదని చెప్పుట ఇందలి చమత్కారము.

ఈ కథ పక్కన గురజాడ అప్పారావుగారి "దిద్దుబాటు"ను పెట్టి చూచినచో విమర్శకునకు మంచి పాఠము లభించును. అది 1910 ఫిబ్రవరిలో "ఆంధ్రభారతి"లో ప్రకటితమైనది. దశాబ్దములపాటు తెలుగున తొలికథ యని కీర్తింపబడినది. అందును భార్యయే భర్తను దిద్దును. గోపాలరావు భోగముదాని పాటకై రాత్రులు ఇల్లు విడుచుచుండగా, చదువుకొన్న కమలిని ఒక ఉత్తరము వ్రాసిపెట్టి, తాను పుట్టింటికి పోయినట్లు నటించి, అతనికి బుద్ధి చెప్పును. రెండు కథలకును నడుమ ఏడేండ్లకు పైగా. రెండింటను తప్పు చేయువాడు, చేయబోవువాడు పురుషుడు, సరిదిద్దునది స్త్రీ. తెలుగు కథ పుట్టుచునే యిల్లాలికి గురుపీఠ మిచ్చినదన్నమాట.

కాని భేదము కూడ గమనింపవలెను. గురజాడవారి కమలిని మాటాడదు. వ్రాయును, దాగికొనును, నవ్వును. రచయితయు ఆమెతో కలిసి నవ్వును. నౌకరు రాముని మాటలలో లోకానుభవము తొంగిచూచును. ఉపదేశము హాస్యమున కరగిపోయినది. అచ్చమాంబగారి విజయలక్ష్మి యట్లు కాదు. ఆమె ఎదురుగా నిలిచి ధర్మము చెప్పును. రచయిత్రియు ఆమె పక్కననే నిలిచి, చదువరికి సందేహము మిగులనీయదు. భాషయు గ్రాంథికము, పాత్రలు పుస్తకమువలె మాటాడును. కళాదృష్టితో చూచినచో "దిద్దుబాటు" మిన్న యనుటకు సంకోచింప పనిలేదు. రచయిత్రి యను దయతో తూకపు రాయి తగ్గించుట ఆమెకు మన్నన కాదు.

ఐతే తూకమైన పిమ్మట కారణము కూడ అడుగవలెను. అచ్చమాంబగారి కథలలో ఉపదేశమేల ఎక్కువ? ఆమెకు నవ్వుట చేతకాకనా? కాదు. ఆమె ప్రవేశించిన తలుపు అట్టిది. స్త్రీల పత్రికను ఇంటికి తెప్పించువాడు, చందా కట్టువాడు పురుషుడు. పత్రిక చదివి ఇల్లాలు చెడునో బాగుపడునో యని మొదట తానే చదివి చూచువాడును అతడే. భర్తను వెక్కిరించు కథ ఆ కావలి దాటి వంటింటికి చేరుట కష్టము. భర్తను పాపమునుండి కాపాడు పతివ్రత కథ సులభముగా చేరును. అచ్చమాంబగారు ఆ పతివ్రత ముసుగుననే ఒక కొత్త మాట పంపిరి: ఇంటిలో వివేకము పురుషుని సొత్తు కాదని, ధర్మసంకటమున నిర్ణయము చేయగలది భార్యయే యని. పాతసీసాలో మందు మార్చి పోసిన వైద్యుని నేర్పు ఇది. పురుషుడైన గురజాడవారికి ఈ కావలి భయము లేదు. ఆయన పత్రికయు స్త్రీలకొఱకు ప్రత్యేకించినది కాదు. ఒకరు స్వేచ్ఛగా నవ్వుటకును, మఱియొకరు బరువుగా చెప్పుటకును ప్రతిభాభేదమొక్కటియే కారణము కాదు, ప్రకటనమార్గము కూడ కారణమే.

ఈ మాట ఒక్కరి చరిత్రముతో తేలునది కాదని చదువరు లనవచ్చును. కావున అదే కాలమున వేఱొక భాషలో, వేఱొక మతమున పుట్టిన యింకొక రచయిత్రిని చూతము. రోకేయా సఖావత్ హుసేన్ గారు 1880లో బంగాళమునందలి రంగపూరు ప్రాంతమున, పైరాబంద్ గ్రామమున ఒక జమీందారీ కుటుంబమున జన్మించిరి. కఠినమైన ఘోషా గల యిల్లు. ఆడుపిల్లలు బంగాళీ గాని ఇంగ్లీషు గాని నేర్వరాదని కట్టడి. అన్న ఇబ్రాహీం సాబేర్ గారు రాత్రులు ఇల్లు నిద్రపోయిన పిమ్మట దీపపు వెలుగున చెల్లెలికి ఇంగ్లీషు చెప్పిరి. అక్క కరీమున్నీసాగారు బంగాళీ అక్షరములయందు ప్రీతి కలిగించిరి. పదునెనిమిదవయేట భాగల్పూరున డిప్యూటీ మేజిస్ట్రేటుగా నుండిన సఖావత్ హుసేన్ గారితో వివాహమయ్యెను. ఆయన భార్య చదువునకు, వ్రాతకు ఎంతయు తోడ్పడెను.

ఆయన సర్కీటు పోయియున్న దినములలో ప్రొద్దుపోక, తన ఇంగ్లీషును పరీక్షించుకొనుటకై ఆమె యొక కథ వ్రాసెను. అందులో స్త్రీరాజ్యము, పురుషులందఱు నాలుగుగోడల నడుమ మరుగున నుందురు. స్త్రీలు సూర్యుని వేడిని బంధించి వంట చేసికొందురు, ఆ వేడితోనే శత్రుసేనలను తఱిమివేయుదురు. భర్త తిరిగివచ్చి, నిలుచున్నవాడు నిలుచున్నట్లే దానిని చదివి, ఇది ఘోరమైన ప్రతీకారమే యని మెచ్చుకొనెనని ఆమెయే చెప్పియున్నది. ఆ కథ "సుల్తానా స్వప్నము". అది 1905లో మద్రాసునందు కమలా సత్తియనాథన్ గారు నడపుచుండిన "ఇండియన్ లేడీస్ మ్యాగజీన్" అను స్త్రీల పత్రికలో ప్రకటితమైనది. 1908లో కలకత్తాలో పుస్తకరూపమున వెలువడెను.

ఎంత సామ్యమో చూడుడు. అక్కడ తమ్ముడు, ఇక్కడ అన్న. అక్కడను ఇక్కడను అడ్డుచెప్పని భర్త. అక్కడ ఏలూరి స్త్రీల పత్రిక, ఇక్కడ మద్రాసు స్త్రీల పత్రిక. ఒకరు హిందువు, ఒకరు మహమ్మదీయురాలు; ఒకరు తెలుగు, ఒకరు బంగాళము. ఒకరి నొకరు అనుకరించినది లేదు. ఐనను త్రోవ యొక్కటియే. ఆ కాలమున స్త్రీకి అచ్చునకు పోవు దారి యదియొక్కటియే యని దీనివలన తేలుచున్నది. ఒక సజ్జనుడైన సోదరుడు, ఒక సజ్జనుడైన భర్త, ఒక సాహసముగల పత్రిక: ఈ మూడును ఒక్కచోట కలిసినగాని ఒక రచయిత్రి లేదు. మూటిలో ఒకటి తప్పినను కథ లేదు. ఒక జాతి సాహిత్యము ఇట్టి అదృష్టయోగముపై ఆధారపడుట సంతోషింపదగిన విషయమా? సోదరుని దయయు భర్త ఔదార్యమును మెచ్చుకొందము. కాని దయతో దొరకినది దయ తప్పినంతనే పోవును. హక్కుగా దొరకవలసినది బడి. రోకేయాగారు ఈ రహస్యము గ్రహించిరి గనుకనే 1909లో భర్త గతింపగా, ఆయన విడిచిపోయిన ధనముతో బాలికాపాఠశాల పెట్టి, దానిని 1911లో కలకత్తాకు మార్చి, 1932లో కన్నుమూయువఱకు నడపిరి. అచ్చమాంబగారును ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కూడి 1902లో మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. తరువాత పలు ఊళ్లు తిరిగి సమాజములు పెట్టించిరి. తాము ఎక్కిన నిచ్చెనను తమతో తీసికొనిపోవక, వెనుకవారికొఱకు మెట్లు కట్టించిరి.

ప్రకటనమార్గము రచన రూపును మార్చుననుటకు రోకేయాగారి చరిత్రమున ఇంకొక తార్కాణ మున్నది. స్త్రీల ఆభరణములు దాస్యచిహ్నములని ఆమె 1904లో బంగాళీ పత్రికయగు "నవనూర్"లో ఒక వ్యాసము వ్రాయగా పెద్ద అలజడి పుట్టెను. ఆ వ్యాసమే తరువాత "మోతీచూర్" అను పుస్తకమున చేరినప్పుడు అందులో అయిదు పేరాలు మాయమయ్యెను. కలమునుండి అచ్చునకు పోవు దారిలో కత్తెరయు కూర్చుండియుండును. ఒక రచయిత్రి యేమి చెప్పెనో చదువుటతో విమర్శకుని పని తీరదు. ఆమెను ఏమి చెప్పనీయలేదో కూడ వెదకవలెను.

"నిజమైన ప్రతిభ యెట్టి అడ్డంకులనైనను ఛేదించుకొని పైకి వచ్చును, మీరు ఇంతగా చింతింప పనిలేదు" అనువారు గలరు. వినుటకు ఇంపైన మాట. కాని దీనికి ఋజువేది? పైకి వచ్చినవారినే చూచి ప్రతిభ యంతయు పైకి వచ్చెననుట, ఒడ్డు చేరినవారిని లెక్కించి నదిలో ఎవ్వరును మునుగలేదనుట వంటిది. మునిగినవారు వచ్చి సాక్ష్యము చెప్పరు. ఈ మాటలో మఱొక దోషము గలదు: ఇది మన బాధ్యతను మననుండి తీసివేయును. ప్రతిభ తనంతట తానే వచ్చుననుకొన్నవాడు సంచి తెఱవడు, దీపము వెలిగింపడు, చందా కట్టడు.

ఇక నాల్గవ మెట్టు సంగతి. అచ్చయినదంతయు నిలుచునా? అచ్చమాంబగారు 1905 జనవరిలో ముప్పదియేండ్లకే స్వర్గస్థలైరి. రత్నమాల రెండవ భాగము పూర్తికాలేదు. కథలు పత్రికల పుటలలోనే ఉండిపోయెను. పత్రికలు కొన్ని చెదలపాలయ్యెను, కొన్ని కిరాణాదుకాణములలో పొట్లములయ్యెను. తెలుగు కథ పుట్టుకనుగూర్చి పండితులు వాదించుకొన్న దశాబ్దములలో ఈమె కథలు లెక్కకు రాలేదు. స్త్రీల పత్రికలోనిది స్త్రీలకొఱకు వ్రాసిన నీతిమాటయే గాని సాహిత్యము కాదను చులకన యొకటి. పాతసంచికలు దొరకకపోవుట యొకటి. పాతపత్రికలు వెదకి ఈ కథలను వెలికితీసి, సంపుటముగా కూర్చి పాఠకుల యెదుట పెట్టుటకు ఇరువదియొకటవ శతాబ్దము రావలసివచ్చెను. నేడు "ధనత్రయోదశి"యే తొలికథ యనువారు గలరు, "దిద్దుబాటు"ననే పట్టుకొని యుండువారును గలరు. ఎవరికి మొదటి పీట వేయవలెనను తగవు నాకంత ముఖ్యముగా తోచదు. ముఖ్యమైనది ఇది: ఆ పాతసంచికలు ఏ గ్రంథాలయపు మూలనో, ఏ యింటి అటకమీదనో ఎవరో భద్రపఱచియుండిరి గనుకనే ఈ తగవైనను సాధ్యమైనది. వారి పేర్లు మన మెఱుగము. ఆ కథకు చివరి సంపాదకులు వారే.

నేడు కాలము మాఱినది. అచ్చుయంత్రముతో పని లేకయే చేతిలోని ఫోనున కథ వ్రాసి, గడియలో వేలమందికి పంపవచ్చును. బాలికలకు బడి కలదు. ప్రకటన కష్టము తీరినట్లే కనబడును. కాని ఇంటిలోని కష్టము తీరినదా? కథ వ్రాయు కోడలికి సాయంకాలము ఒక గంట ఎవరు విడిచియిత్తురు? "పెరటిచెట్టు మందుకు పనికిరాదు" అను సామెత యింకను మన యిండ్లలో జీవించియే యున్నది. ఊరివారు మెచ్చిన పిమ్మటగాని మన పిల్ల వ్రాసినది మనము చదువము. చదివినను "బాగున్నది" అని పక్కన పెట్టుదుము; లేదా "ఇది మన చుట్టములనుగూర్చియా?" అని కోపపడుదుము. ఈ రెండును చదువుట కాదు. నిలుచున్నవాడు నిలుచున్నట్లే చదివిన ఆ భాగల్పూరు భర్తవంటి తొలిపాఠకుడు వేలమంది మెచ్చుకోళ్లకంటె విలువైనవాడు. కొత్తగా వ్రాయువారికి కావలసినది పొగడ్త కాదు, శ్రద్ధ. ఎక్కడ కథ నిలిచినదో, ఎక్కడ ఉపన్యాసమైపోయినదో ప్రేమతో చెప్పగల మనిషి ఇంటికొక్కరున్నచో చాలును.

కొత్త రచయిత్రులకు ఒక్కమాట. మీ ప్రేరణ యెవరని అడిగినవారికి మహాకవుల పేర్లు చెప్పుటతో ఊరకుండవలదు. మీకు పుస్తకము తెచ్చియిచ్చిన చేయి ఎవరిదో, మీరు వ్రాయుచుండగా పాలు పొంగకుండ చూచినది ఎవరో, మీ తొలి కథను తిప్పిపంపుచు లోపము చెప్పిన సంపాదకు డెవరో, ఆ పేర్లు కూడ చెప్పుడు. చెప్పినప్పుడే ఆ త్రోవ యెట్లుండునో వెనుక వచ్చువారికి తెలియును.

ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పిరి. అచ్చమాంబగారు ఇంట గెలిచిరి, అచ్చునను గెలిచిరి. ఇంట గెలువనీయబడనివారు ఎందఱో ఆమె వెనుక గడపయొద్దనే నిలిచిపోయిరి. మీ యింట ఎవరైన వ్రాయుచున్నారా? ఈ రాత్రియే అడిగి, తీసికొని, చదువుడు.